కేళు అన్న పేరుతో రెండు పేజీలు

అర్పిత ఆ ఏడాది దేవుణ్ణి కోరుకున్నది ఒక్కటే, తమ్ముడు నిలదొక్కుకోవాలని. అమరేష్ పాలిటెక్నిక్ ముగించి ఏళ్లు గడిచినా ఒక చోట కుదురుగా పని దొరకలేదు. ఇంటర్వ్యూకు పోతే ఇంగ్లీషులో ఒక్క ముక్క పెగిలేది కాదు. కర్ణాటక సరిహద్దులోని బాగేపల్లిలో చుట్టాలందరికీ వాడొక కాలక్షేపమైపోయాడు. పెళ్లిలో కనబడితే చాలు, ఏమప్పా ఇంకా వెతుకుతానే ఉండావా అని ఎవరో ఒకరు పలకరించడం, వాడు నవ్వడం, ఆ నవ్వు మీద వీళ్లందరూ హాయిగా భోజనాలకు లేవడం. ఆ నవ్వు చూడలేక అర్పిత వంటింటి వైపు పోయేది.

అలాంటివాడికి చింతామణి దగ్గర చెన్నరాయప్ప చాకీ కేంద్రంలో పని దొరికింది. పట్టుపురుగులు గుడ్డులోంచి బయటికొచ్చినప్పుడు వెంట్రుక ముక్కంత ఉంటాయి. అంత చిన్నవాటిని రైతులు తమ ఇళ్లలో సాకలేరు. అందుకని చాకీ కేంద్రం వాళ్లు గుడ్లు పొదిగించి, లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి వేసి, రెండోసారి చర్మం విడిచేదాకా పెంచి, అప్పుడు రైతుల చేతికిస్తారు. పసిబిడ్డల వార్డు అనుకోండి. గదిలో వేడి పెరగకూడదు, తేమ తగ్గకూడదు. తేమ తగ్గితే ఆకు ఎండుతుంది, ఎండిన ఆకు వాటి నోటికి పట్టదు. చెన్నరాయప్ప, ఆయన భార్య పుట్టమ్మ ఎన్నో ఏళ్లుగా తడి గోనెపట్టలు వేలాడదీసి, మాటిమాటికీ తలుపు తీసి చూసుకుంటూ, ఇద్దరూ కలిసి ఒక పెళ్లికైనా పోలేని బతుకు బతికారు. అమరేష్ వాళ్ల దగ్గరికి పోయి, తేమ తగ్గితే గదికి తేమ పట్టించే మిషను దానంతటదే నడిచేట్టూ, అది నడవకపోతే మీ ఫోను మోగేట్టూ చేసిస్తానన్నాడు. చెన్నరాయప్ప ఒకసారి గోనెపట్టల వంక, ఒకసారి వాడి మొహం వంక చూసి, సరేలేప్పా, చెయ్యి అన్నాడు. వాణ్ణి చెయ్యమన్న మొదటి మనిషి ఆయనే.

ఆ ప్రోగ్రామును అమరేష్ జేనుగూడు మీద రాయాలనుకున్నాడు. జేనుగూడు అర్పిత పనిచేసే కంపెనీ తయారుచేసిన టూల్‌కిట్, అంటే ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడుకునే పనిముట్ల పెట్టె. దాని లోపల పనంతా చిన్న చిన్న పనివాళ్లు చేస్తారు. వాళ్లను యాక్టర్లంటారు. ఒకడి పనిలో ఇంకొకడు వేలు పెట్టడు. ఒక్కొక్కడికీ ఒక డబ్బా ఉంటుంది, అందులో చీటీలు పడతాయి, వాడు ఒక్కొక్కటే తీసి చదువుకుని పని చేసుకుంటాడు. బాగా చదువుకున్నవాళ్లు కూడా తల గోక్కునే ఈ సంగతిని మనుషులకు ఎక్కేట్టు రాయడం అర్పిత ఉద్యోగం. చిక్కబళ్లాపురంలో అద్దె ఇంట్లో కూర్చుని రాసేది, వారానికోసారి బెంగళూరు ఆఫీసుకు పోయి వచ్చేది.

ఆ పనివాళ్లు ఒకరితో ఒకరు వ్యవహరించడానికి మూడు పద్ధతులున్నాయి. మొదటిది చెప్పడం. చీటీ వేసి మన దారిన మనం పోతాం, అవతలివాడు చేశాడా లేదా అన్నది మనకు పట్టదు. రెండోది అడగడం. చీటీ వేసి, జవాబుకు గడువు పెట్టుకుని కూర్చుంటాం, గడువు దాటినా జవాబు రాకపోతే ఏదో కొంప మునిగిందని మనకు తెలిసిపోతుంది. మూడోది వినడం. ఎవడైనా ఏదైనా చాటితే వింటాం, ఎవడూ ఏదీ చాటకపోతే ఊరికే ఉంటాం. చెన్నరాయప్ప గదికి కావలసింది రెండోది. మిషను నడిపే పనివాణ్ణి నడుస్తున్నావా అని అడుగుతూ ఉండాలి, వాడు పలకకపోతే ఫోను మోగాలి.

ఇదంతా ఎట్లా రాయాలని అమరేష్ అడిగితే అర్పిత ఒకే మాట చెప్పింది. మా డాక్యుమెంటేషన్ కన్నడంలో కూడా ఉండాది, అది ముందర పెట్టుకో, అందులో ఉన్నది ఉన్నట్టు చెయ్యి, నీ సొంత తెలివి వాడొద్దు అంది. నవ్వుతూనే అంది కానీ వాడు దాన్ని వేదవాక్కుగా తీసుకున్నాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగైనా వాడు చదివిందంతా కన్నడం మీడియంలోనే. చిన్నప్పట్నుంచీ అక్క అక్షరమంటే వాడికి భక్తి. వాడి స్కూలు వ్యాసాలు కూడా అర్పితే రాసిచ్చేది.

ఇక ఆ డాక్యుమెంటేషన్ సంగతి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మూటలు కట్టినట్టు ఏళ్ల తరబడి ఎవరికి తోచింది వాళ్లు అందులో పడేసిపోయారు. కొత్తవాళ్లకు పాఠం ఎక్కడుందో, పాతవాళ్లకు కావలసిన వివరం ఎక్కడుందో రాసినవాళ్లకే తెలియదు. అర్పిత పై అధికారి శ్రీనివాసమూర్తి, ఆఫీసులో అందరికీ మూర్తి సారు, దీన్నంతా సర్దమన్నాడు. సర్దమని ఊరుకుంటే ఏ గొడవా లేకపోయేది. ఆయనకు ఎక్కడో ఏదో ఉపన్యాసం విని కొత్త పిచ్చి పట్టుకుంది, ఒక మాటకు ఒకే పేజీ అని. ఒకే పేరుతో రెండు పేజీలు కనబడితే చాలు, ఆయనకు ఒంటి మీద తేళ్లు పాకినట్టుండేది. ఏది కొత్తదో అది ఉంచు, పాతదాన్ని తీసెయ్, పాత దారిలో వచ్చినవాళ్లను కొత్తదానికి పంపు. ఇదీ ఆయన సూత్రం. అర్పితకూ అది బాగానే అనిపించింది. చెత్త ఊడ్చినప్పుడు కలిగే సంతోషం ఒకటుంటుంది గదా, ఆ సంతోషంలో పడి చలికాలమంతా ఊడ్చింది.

ఇంగ్లీషు వైపు ముగించి కన్నడం వైపు వచ్చింది. దాన్ని ఎవరో లెక్చరర్ ఒకాయన తీరిక దొరికినప్పుడల్లా కొంచెం కొంచెం అనువాదం చేసిపెట్టి, తర్వాత మానేసిపోయాడు. పేజీల పేర్లన్నీ వరుసలో పెట్టుకుని చూస్తే అందులో రెండు ‘కేళు’లు కనబడ్డాయి. కన్నడంలో ముద్దుగా, పొట్టిగా, అవే రెండక్షరాలు. ఆయన మరిచిపోయి ఒకే పేజీని రెండుసార్లు చేసుంటాడని అర్పిత అనుకుంది. కొత్తది ఉంచింది, పాతది తీసేసింది, పాత దారిని కొత్తదానికి కలిపింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, లేచి పోయి మంట తగ్గించి వచ్చి తర్వాతి పేరు చూసుకుంది.

మాఘం పోయి ఎండలు మొదలయ్యే వేళకు అమరేష్ ప్రోగ్రాం నడిచింది. చెన్నరాయప్ప గది గోడకు ఒక తెల్ల పెట్టె బిగించాడు. మొదటి విడత పురుగులు చక్కగా లేచాయి, మండికల్ ఊరి రైతులు తీసుకుపోయి మంచి పట్టుగూడు తీశారు. ఇంకో రెండు చాకీ కేంద్రాల వాళ్లు వచ్చి పెట్టె చూసుకుని, మాక్కూడా చెయ్యప్పా అన్నారు. బాగేపల్లిలో ఒక నామకరణానికి అమరేష్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగడానికి నోరు తెరిచినవాళ్లు కూడా వాడి మొహం చూసి వేరే మాట మాట్లాడారు. అర్పిత ఆ రోజు వడ్డిస్తూ వడ్డిస్తూ తమ్ముడి ఆకులో రెండు ఒబ్బట్లు ఎక్కువ వేసింది.

చెన్నరాయప్ప దంపతులు కూడా ఎన్నేళ్లకో మొదటిసారి ఇద్దరూ కలిసి ఒక పెళ్లికి పోయారు, గౌరిబిదనూరులో పుట్టమ్మ వాళ్లన్న కూతురి పెళ్లి. పొద్దువాలే వేళకు పనామె వచ్చి ఆకు వేసి తలుపు మూసి పోయింది. అక్కడ పెళ్లిలో చెన్నరాయప్ప ఫోను చొక్కా జేబులో పెట్టుకుని, అది మోగుతుందేమోనని కాసేపటికోసారి తడిమి చూసుకున్నాడట. మోగలేదు. మోగలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకుని, ముహూర్తం చూసుకుని, మరునాడు తీరిగ్గా బయల్దేరారు.

తలుపు తీస్తే వేడి మొహాన కొట్టింది. ఆకు కరకరలాడుతోంది. దాని మీద పురుగులు కదలడం లేదు. ప్రోగ్రాం లోపల తేమ మిషను నడిపే పనివాడు, ఆ యాక్టరు, ఎప్పుడో బిగుసుకుపోయాడు, ఏ మాటా చాటలేదు. చాటనిదాన్ని వినడానికి కూర్చున్న రెండోవాడు ఏ చప్పుడూ లేకుండా కూర్చునే ఉన్నాడు. ఆ విడత కోసం చాకవేలు ఊరి రైతులు తోటలు సిద్ధం చేసుకుని ఉన్నారు. ఆకు కోతకు వచ్చి నిలబడింది, తినే పురుగు లేదు. ముదిరిన ఆకును ఆవులకు వేసుకోవడం తప్ప ఏం చేస్తారు.

అర్పితకు ఫోను చేసింది అమరేష్ కాదు, పుట్టమ్మ. మీ తమ్ముడు పొద్దున్నుంచీ ఆ గది వాకిట్లో కూర్చోనుండాడు, నీళ్లు కూడా తాగలేదు, వచ్చి పిల్చుకుపోమ్మా అంది. అర్పిత కట్టుకున్న చీరతోనే బస్సెక్కింది. దారి పొడుగునా తనలో తాను గొణుక్కుంది, వాడు ఏదో మరిచిపోయుంటాడు, సరిచేద్దాం, పెద్దాయన కాళ్లు పట్టుకునైనా ఇంకొక అవకాశం అడుగుదాం అని.

చెన్నరాయప్ప అరవలేదు. అరిచినా బాగుండేది. గోడకున్న తెల్ల పెట్టెను తనే ఊడదీసి, తుడిచి, ఒక పాత తువ్వాలులో చుట్టి అమరేష్ చేతికిచ్చాడు.

“నిన్ను అనేదానికి నాకు నోరు రాదప్పా. రేపట్నుంచి గోనెపట్టలే కట్టుకుంటాం. ఇంక ఈ గదిలోకి నువ్వు రావొద్దు.”

ఆ మాట మెల్లగా, మర్యాదగా అన్నాడు. అంటున్నప్పుడు పుట్టమ్మ అటు తిరిగి పురుగుల తట్టలు కడుక్కుంటోంది. అమరేష్ తల ఊపి పెట్టె తీసుకున్నాడు. చెయ్యమన్న మిగతా రెండు కేంద్రాల వాళ్లూ సాయంత్రానికే ఫోన్లు చేసి, ఇప్పుడే వద్దులేప్పా అన్నారు.

చింతామణిలో అమరేష్ అద్దెకున్న గదికి వచ్చి అక్కాతమ్ముళ్లు కూర్చున్నారు. అర్పిత అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని చాలన్నాడు. తర్వాత లాప్‌టాప్ తెరిచి ఆమె ముందరికి జరిపాడు.

“అక్కా, నేను యాడ తప్పు చదివినానో చూపించు. ఇందులో ఎట్లుండాదో అట్లే చేసినా. నాకు అది ఒక్కటి తెలిస్తే చాలు.”

అర్పిత చూసింది. పాఠం బాగానే ఉంది. మిషను నడుస్తోందా అని తెలుసుకోవాలంటే ‘కేళు’ పద్ధతి వాడండి, దాని వివరం ఇక్కడ చూడండి అని ఉంది. వాడు అక్కడ నొక్కి ‘కేళు’ పేజీకి పోయాడు. ఆ పేజీలో, ఎవరైనా ఏదైనా చాటితే మీకు అందేట్టు పేరు నమోదు చేసుకోండి, తర్వాత మీరేమీ చేయనక్కరలేదు అని ఉంది. గడువు మాట లేదు. జవాబు మాట లేదు. వాడు చదివినదాంట్లో ఒక్క అక్షరం తప్పులేదు.

అప్పుడు వెలిగింది ఆమెకు. వెలగడం కాదు, నెత్తిన బండ పడింది. కన్నడంలో అడగడానికీ కేళు అనే అంటారు, వినడానికీ కేళు అనే అంటారు. ఒకే మాట. ఆ లెక్చరరు మరిచిపోయి ఒకే పేజీని రెండుసార్లు చేయలేదు. ఒకటి అడగడం, ఒకటి వినడం, రెంటికీ ఆ భాషలో ఉన్న పేరే పెట్టాడు పాపం. తను వాటిని లోపల తెరిచి కూడా చూడకుండా, అడగడాన్ని తీసి పారేసి, అడగడానికి వచ్చినవాళ్లందరినీ వినడం దగ్గరికి తోలింది. ఇంట్లో పుట్టినప్పట్నుంచీ మాట్లాడే తెలుగులో ఒక్కసారి ఆ పేర్లను తలుచుకుని ఉంటే, ఇది అడుగు, ఇది విను అని ఇట్టే తెలిసిపోయేది. ఆఫీసు పని కదా, స్కూలు భాషలోనే చూసింది. అడుగు, విను అన్న మాటలు ఆమె నోట్లో రోజంతా నానుతూనే ఉంటాయి, ఆ చలికాలం సాయంత్రం ఒక్క క్షణం మాత్రం నానలేదు.

ఆమె లాప్‌టాప్ మెల్లగా మూసింది. అమరేష్ ఆమె మొహం వంకే చూస్తున్నాడు. చూసి చూసి, వాడికి కావలసిన జవాబు వాడే తీసుకున్నాడు.

“సరేలేక్కా. చెప్పడానికి నీకు బాధగా ఉండాదని తెలుస్తాంది. నాకే అర్థం చేసుకునే బుర్ర లేదు.”

కాదురా అనాలి. అనకుండా ఎంగిలి పళ్లెం తీసి కడగడానికి లేచింది. ముందు ఆ పేజీని సరిచేసి, మూర్తి సారుతో తప్పు ఒప్పించి, కంపెనీ చేతనే ఒక మాట రాయించి, అది తెచ్చి చెన్నరాయప్ప ముందర పెడితే తమ్ముడి పేరు నిలబడుతుందని ఆమె ఆశ. ఉత్త చేతులతో చెప్పడమెందుకు అనుకుంది. ఆ రోజు వాడి తల నిమిరి, రెండు రోజుల్లో వస్తానని చెప్పి, చిక్కబళ్లాపురం బస్సెక్కింది.

మూర్తి సారు ఓపిగ్గా విన్నాడు. అయ్యో పాపం అని కూడా అన్నాడు. తర్వాత, ఆ కన్నడం పేజీలు అసలు ఎంతమంది చూస్తున్నారు అని అడిగాడు. పెద్దగా ఎవరూ చూడటం లేదు, ఆ విషయం సర్దడం ముగించినప్పుడు అర్పితే రాసిచ్చింది. మరి ఇంకేం, చూసేవాళ్లు లేని చోట తప్పులు పెట్టుకుని కూర్చోవడమెందుకు, మొత్తం తీసేద్దాం, అప్పుడు ఇంకెవరికీ ఇలా జరగదు అన్నాడు. పురుగులు చచ్చిపోయినందుకు కంపెనీ తరఫున కాగితం రాసివ్వడం కుదరదన్నాడు. అలా రాస్తే రేపు ఎవరెవరు వస్తారో తెలియదట. అర్పిత బతిమాలింది, గొంతు పెంచింది, చివరికి ఏడ్చింది. ఆయన మంచినీళ్లు తెప్పించాడు. మరునాడు పొద్దున్నే కన్నడం వైపున్న పేజీలన్నీ పోయాయి. జేనుగూడు డాక్యుమెంటేషన్ ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదని ఆఫీసులో ఎవరో అందరికీ మెయిల్ పెట్టారు. ఛీ, అనుకుంది అర్పిత. ఎవరిని అనుకుందో ఆమెకే తెలియదు.

ఆమె మళ్లీ చింతామణి చేరేసరికి అమరేష్ గది ఖాళీ చేసేసి బస్టాండులో ఉన్నాడు. హొసకోటె దగ్గర గోడౌనులో సామాన్లు ఎత్తి దించే పనికి పోతున్నాడు. లాప్‌టాప్ ఎవరికో ఇచ్చేశాడు. ఒక సంచి, ఒక దుప్పటి చుట్ట, అంతే. అర్పిత వాణ్ణి పక్కకు లాగి, బస్సులు మోత పెడుతుంటే, జరిగిందంతా చెప్పింది. రెండు కేళులు, తను తీసేసిన పేజీ, దారి తప్పించిన పేజీ, ఒక్కటీ దాచకుండా చెప్పింది. చెబితే వాడు తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

వాడు తిట్టలేదు. చేతిలోని దుప్పటి చుట్ట కింద పెట్టి, జేబులోంచి ఫోను తీసి, ఆ పేజీ కోసం వెతికాడు. మీరు వెతుకుతున్న పేజీ లేదని వచ్చింది. ఇంకోసారి వెతికి, ఫోను ఆమెకు చూపించాడు.

“నువ్వు చెప్పేవి రెండూ లేవు గదక్కా.”

తన దగ్గర పాత ప్రతులున్నాయి, ఇంటికి రా, రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తా, ఈ ఒక్క బస్సు వదిలేయ్ అని అర్పిత వాడి చెయ్యి పట్టుకుంది. అమరేష్ నవ్వాడు. పెళ్లిళ్లలో నవ్వే ఆ నవ్వే. ఆమె వేళ్లను మెల్లగా విడిపించి, పమిట కొంగు అందుకుని ఆమె కళ్లు తుడిచాడు.

“నువ్వు ఏం చూపించినా, నా కోసం కూర్చోని రాసిండావనే అనుకుంటా. నీకు రాయడం వచ్చు గదా.”

“కాదురా, నిజంగా నాదేరా తప్పు.”

“నువ్వు రాసిన దాంట్లో తప్పుంటాదా అక్కా.”

కండక్టరు ఈల వేశాడు. వాడు దుప్పటి చుట్ట ఎత్తుకుని వెనక తలుపులోంచి ఎక్కి, నిలబడ్డవాళ్ల మధ్య చోటు చేసుకున్నాడు. అర్పిత కిటికీలను వెతుక్కుంటూ బస్సు వెంబడి నాలుగడుగులు నడిచింది. ఆమె రాతను అంతగా నమ్మినవాడు ఈ భూమ్మీద ఇంకొకడు లేడు.